యాభయ్యో పెళ్లిరోజుకు ఇంటిపనుల పండగ: లెక్కల పలక నుంచి దొండకాయల దండ దాకా

పెళ్లయి యాభై ఏళ్లు నిండిన అమ్మానాన్నలకు పిల్లలు చేసే వేడుక ఈమధ్య అన్ని ఊళ్లలోనూ ఒకే తీరుగా ఉంటోంది. హాలు మాట్లాడతారు, మూడంతస్తుల కేకు కోయిస్తారు, ఇద్దరినీ సింహాసనం లాంటి కుర్చీల్లో మూడు గంటలు కూర్చోబెట్టి ఫొటోలు తీస్తారు. పెద్దాయన నడుం పట్టేస్తుంది. మర్నాడు చుట్టాల పక్కబట్టలు ఉతికించి, మిగిలిన పులిహోర పంచి, ఇల్లు సర్దేది మళ్లీ ఆ పెద్దావిడే.

ఇక్కడ చెప్పేది వేరే పద్ధతి. యాభై ఏళ్లుగా ఆ ఇంటిని నడిపిన పనుల్నే ఆ పూట వేదిక ఎక్కించాలి, వాటి మీదే అందర్నీ నవ్వించాలి. అసలు పనిని మాత్రం ఆ ఇద్దరి చేతుల్లోంచి పూర్తిగా తీసేయాలి. ఈ మూడోది చేయలేకపోతే మొదటి రెండూ ఎగతాళిగా మిగులుతాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంటి ముందు షామియానా వేసుకునో, డాబా మీదో 60 మందితో చేసుకునే వేడుకకు సరిపడేలా లెక్కలు ఇస్తున్నాం. పాతికేళ్ల పెళ్లిరోజుకూ ఇదే పనికొస్తుంది, పలక మీద అంకెలు సగం చేసుకుంటే చాలు.

ముందు తేదీ తేల్చుకోండి

దీన్ని షష్టిపూర్తితో కలపొద్దు. షష్టిపూర్తి ఆయనకు 60 ఏళ్లు నిండినప్పుడు, భీమరథ శాంతి 70కి. అవి వయసు లెక్కలు, ఇది పెళ్లి లెక్క. పొద్దున్న గుళ్లో అర్చన చేయించుకుని, సాయంత్రం ఆటపాటలు పెట్టుకోవచ్చు. రెండూ ఒకే పూటలో ఇరికిస్తే పంతులుగారు తొందరపడతారు, పిల్లలు విసుక్కుంటారు.

పెద్దవాళ్లు పెళ్లిరోజును తిథితో గుర్తుంచుకుంటారు, పిల్లలు ఇంగ్లీషు తేదీతో. ఈ రెండూ ఇంచుమించు 19 ఏళ్లకోసారి కలుస్తాయి, అంటే 19, 38, 57 ఏళ్లకు. యాభయ్యో ఏట దాదాపు రెండు వారాల తేడా వస్తుంది. కాబట్టి పాత శుభలేఖ వెతికి, ఏది పాటించాలో ఆ ఇద్దరినే అడగండి. శుభలేఖ దొరికితే ఇంకో లాభం ఉంది. 1975 ఉగాది నుంచి 1976 ఉగాది దాకా రాక్షస నామ సంవత్సరం, ఆ తర్వాతి ఏడు నల. ‘రాక్షస నామ సంవత్సరంలో ఒకటైన జంట’ అని ఆహ్వానం మీద పెద్దక్షరాలతో వేస్తే నవ్వు పిలుపుల దగ్గరే మొదలవుతుంది. నల సంవత్సరం పెళ్లికొడుకైతే మరీ మంచిది. ‘నలుడి పేరుగల ఏడాదిలో పెళ్లాడిన ఆయన పాకం ఎలా ఉంటుందో చూద్దాం రండి’ అనొచ్చు.

రోజు మార్చుకునే వీలుంటే స్థానికంగా కొన్ని తప్పించండి. రథసప్తమి నాడు, దాని ముందు రోజు అరసవల్లి భక్తులతో శ్రీకాకుళంలో లాడ్జి గది దొరకడం కష్టం. దసరా వెళ్లిన తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఆ రోజు ఊళ్లోకి బండి రాదు, చుట్టాల ఇళ్లలో కాలు పెట్టే చోటుండదు. అక్టోబరు, నవంబరుల్లో అయితే డాబా మీద నమ్మకం పెట్టుకోవద్దు. హుద్‌హుద్ 2014 అక్టోబరులో, తిత్లీ 2018 అక్టోబరులో వచ్చాయి. ఆ నెలల్లో లోపలి గదుల్లో సర్దుకునే ఏర్పాటు ముందే చూసుకోవాలి. మే నెలలో అయితే సాయంత్రం అయిదింటికి ముందు మొదలుపెట్టకండి.

పనుల జాబితా రాబట్టడం

మొత్తం వేడుకకు ముడిసరుకు ఇదే. మూడు వారాల ముందే మొదలుపెట్టండి. ఒక మనవడో మనవరాలో నోటు పుస్తకం పట్టుకుని ఇద్దరి దగ్గరా విడివిడిగా కూర్చోవాలి. కలిపి కూర్చోబెడితే ఒకరు మాట్లాడతారు, రెండోవారు ‘ఆ, అంతే’ అంటారు. ఆ ఒకరు ఎవరో ఇంటింటికీ మారుతుంది.

‘మీరేం పని చేస్తారు?’ అని అడిగితే ‘ఏముంది, మామూలే’ అంటారు. అలా కాకుండా గంటల వారీగా అడగండి. లేచాక మొదట ముట్టుకునే వస్తువేది? పాలు ఎవరు కాస్తారు? పొంగితే ఎవరిది తప్పు? గ్యాస్ అయిపోతోందని ఎవరికి ముందు తెలుస్తుంది? రాత్రి తలుపు గడియ ఎవరు వేస్తారు, వేశారో లేదో మళ్లీ లేచి ఎవరు చూస్తారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులు తప్పకుండా వేదిక మీదికి పనికొస్తాయి.

కంటికి కనబడని పనుల్ని వేరే పేజీలో రాయండి. మందుల పెట్టెలో ఏ మాత్ర ఎన్ని రోజులకు వస్తుందో గుర్తుంచుకోవడం, పాలవాడి లెక్క, ఎవరి పెళ్లికి ఎంత చదివించారో రాసిన పుస్తకం, ఇంటిపన్ను రసీదులు, ఏటా ఇవ్వాల్సిన పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్, ఊరగాయ జాడీకి ఎప్పుడు గుడ్డ మార్చాలి, ఏ చుట్టం ఏ కూర తినడు. ఈ పేజీ చాలా ఇళ్లలో ఒకరి పేరుతోనే నిండిపోతుంది. దాన్ని పలక మీద ఎక్కించేటప్పుడు రెండో వారిని దోషిలా నిలబెట్టొద్దు. రేషను వరస, కిరోసిన్ వరస, బిందెలతో వీధి కుళాయి, పొలం పనులు, పిల్లల ఫీజుల కోసం అప్పు అడగడానికి వెళ్లిన గుమ్మాలు కూడా ఇంటిపనే. వాటినీ అడిగి రాయండి.

లెక్కల పలక

మూడడుగులు, నాలుగడుగుల నల్ల అట్ట మీద తెల్ల రంగుతో రాసి గుమ్మం పక్కన పెట్టేది ఇది. వచ్చినవాళ్లు టీ తాగుతూ చదువుకుంటారు, నవ్వుకుంటారు. వేదిక పని సగం అక్కడే అయిపోతుంది.

యాభై ఏళ్లంటే 18,250 రోజులు, లీపు రోజులు కాక. రోజుకు రెండుసార్లు టీ పెడితే 36,500 సార్లు. ఇంట్లో మనుషులు పెరిగి తగ్గినా సగటున రోజుకు ముప్పావు కిలో బియ్యం వేసుకుంటే 13,700 కిలోలకు దగ్గర పడుతుంది, పాతిక కిలోల బస్తాలు 548. పండగలకు పుట్టింటికి వెళ్లిన రోజులు, మైల రోజులు తీసేసి ఏడాదికి 300 ముగ్గులనుకుంటే 15,000. ఆయన వైపు చూస్తే వారానికి రెండుసార్లు బజారు చొప్పున 5,200 సార్లు సంచి పట్టుకుని వెళ్లారు. దాని కింద చిన్న అక్షరాలతో ‘కొత్తిమీర మర్చిపోయి మళ్లీ వెళ్లినవి ఇందులో కలపలేదు’ అని రాయండి.

అంకెలు ఎనిమిదికి మించొద్దు. ప్రతి అంకె కిందా ఎలా లెక్కగట్టారో ఒక ముక్క ఉండాలి. లేకపోతే లెక్కల మాస్టారుగా రిటైరైన చుట్టం ఒకాయన పలక దగ్గరే నిలబడి గంటసేపు వాదిస్తాడు. ఆయన ప్రతి ఇంట్లోనూ ఉంటాడు.

పని మార్పిడి పోటీలు

మొత్తం నాలుగు పోటీలు, ఒక్కోటి అయిదారు నిమిషాలు. అయిదోది పెట్టాలని ఎవరు పట్టుబట్టినా ఒప్పుకోవద్దు. డెబ్బై దాటినవాళ్లకు అరగంట మించి నిలబడటం కష్టం. అన్నీ నడుము ఎత్తు బల్ల మీదే పెట్టండి, పక్కన చేతులున్న కుర్చీ ఉండాలి. కత్తిపీట, పనసకాయ కొట్టే కత్తి, వేడి నూనె, నిచ్చెన, ఫ్యూజు బాక్సు జోలికి అసలు పోవద్దు. రక్తం పల్చబరిచే మాత్రలు వేసుకునేవాళ్లకు చిన్న గాటు పడినా రక్తం తొందరగా ఆగదు.

న్యాయనిర్ణేతలుగా ముగ్గురు చాలు. ఈ కుర్చీల్లో భర్తను పోగొట్టుకున్న పెద్దమ్మనో అత్తనో, భార్య పోయిన చిన్నాన్ననో కూర్చోబెట్టండి. ‘జంటలందరూ లేచి నిలబడండి’ లాంటి ఆటలు పెడితే వీళ్లు తలొంచుకుని కూర్చోవాల్సి వస్తుంది. మార్కులు వేసే అధికారం చేతికిస్తే సభలో అందరికన్నా గట్టిగా మాట్లాడేది వీళ్లే.

మొదటి పోటీ ఆయనకు: నాలుగు కప్పుల అల్లం టీ. బయట గాలికి గ్యాస్ పొయ్యి నిలవదు కాబట్టి ఇండక్షన్ పొయ్యి వాడండి. అది 2,000 వాట్ల దాకా లాగుతుంది. మైకు, ఫ్యానులు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకే దీన్నీ తగిలిస్తే బోర్డు కరుగుతుంది, లోపలి 16 ఆంపియర్ల ప్లగ్గు నుంచి విడిగా తీగ లాగించండి. అల్యూమినియం గిన్నె దాని మీద వేడెక్కదు, అడుగు చదునుగా ఉండి అయస్కాంతం అంటుకునే స్టీలు గిన్నె కావాలి. కొలతలు: నీళ్లు 300 మిల్లీలీటర్లు, పాలు 300, టీ పొడి తలకొట్టిన చిన్న చెంచాలు నాలుగు, పంచదార నాలుగు, దంచిన అల్లం అంగుళం ముక్క. ఇవన్నీ బల్ల మీద పెట్టి, ఏది ముందో మాత్రం చెప్పకండి. నాటకమంతా అక్కడే ఉంది. పచ్చి అల్లాన్ని నేరుగా పాలల్లో వేసి కాస్తే పాలు విరుగుతాయి, అల్లంలో పాల మాంసకృత్తుల్ని విరిచే గుణం ఉంది. ముందు నీళ్లలో రెండు నిమిషాలు తెర్లనిస్తే ఆ గుణం పోతుంది, తర్వాత పాలు పోసుకోవచ్చు. ఈ సంగతి సభలో ఆడవాళ్లందరికీ తెలుసు. ఆయన పాల గిన్నె మీదికి అల్లం పట్టుకెళ్లేసరికి అటు నుంచి వచ్చే ‘ఓలమ్మో’ని ఏ వ్యాఖ్యాతా పుట్టించలేడు. విరిగితే మళ్లీ పెట్టుకోవడానికి ఇంకో అరలీటరు పాలు పక్కన ఉంచండి. షుగరు ఉన్నవాళ్లకు పంచదార వేయకముందే ఒక కప్పు తీసిపెట్టాలి. ఆ మాట ఆయనకు తనంతట తాను గుర్తొస్తే అయిదు మార్కులు అదనం.

రెండోది కూడా ఆయనకే, పోపుల పెట్టె పరీక్ష. పది చిన్న గిన్నెలు, మూడు నిమిషాలు. విడివిడిగా సులువైనవి పెడితే ఆట చప్పగా ఉంటుంది, ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునే జతలు పెట్టాలి: జీలకర్ర, సోంపు, చాయ పెసరపప్పు, చాయ మినప్పప్పు, మైదా, బియ్యప్పిండి, ఉప్పు, సన్న పంచదార, శనగపప్పు, కందిపప్పు. వేలితో రాసి చూస్తే బియ్యప్పిండి గరగరలాడుతుంది, మైదా మెత్తగా అంటుకుంటుంది. రుచి చూడనివ్వొచ్చు, అందుకే ముగ్గుపిండి, సోడా లాంటివి సరదాకైనా ఆ వరసలో చేర్చొద్దు. ఇది నడిపేటప్పుడు వ్యాఖ్యాత మాట ముఖ్యం. మనవడైతే ఆ చనువు చెల్లుతుంది: ‘తాతా, ఏటలా సూస్తన్నావ్? సోంపు నిన్నేటీ కరవదు. మామ్మేపు సూడకు, ఆవిడ సైగ సేస్తే మార్కులు కట్.’

మూడోది ఆవిడకు: ఆయన ఫైలు. బ్యాంకులో డబ్బు తీసుకునే కాగితం నింపడం, కరెంటు మీటరు ఫొటో చూసి యూనిట్లు చెప్పడం, గ్యాస్ సిలిండర్ మెడ మీది గుర్తు చదవడం. సిలిండర్ మీద ఏ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన ఏడాది ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి జులై నుంచి సెప్టెంబరు, డి అక్టోబరు నుంచి డిసెంబరు. మళ్లీ పరీక్ష చేయాల్సిన గడువది, అది దాటిన సిలిండర్ను తీసుకోకూడదు. చాలామంది మగవాళ్లకూ ఇది తెలియదు కాబట్టి ఈ ప్రశ్న దగ్గర ఆవిడ గెలిచే అవకాశం ఎక్కువ. బ్యాంకు కాగితం మీద అసలు ఖాతా నంబరు రాయించొద్దు. అందరి ఫోన్లూ వీడియో తీస్తుంటాయి, ఉత్తుత్తి నంబరు ఇవ్వండి. ఆవిడకు చదువు రాకపోయినా, చూపు ఆనకపోయినా కాగితం బదులు నోట్లు, చిల్లర లెక్కపెట్టే పందెం పెట్టండి. అందులో ఆవిడను ఓడించేవాళ్లు ఉండరు.

నాలుగోది మళ్లీ ఆయనకు, చీర మడత. గంజి పెట్టిన నేత చీర కావాలి. పట్టుచీర జారిపోయి ఆయనకు కోపం తెప్పిస్తుంది. చీర అయిదున్నర మీటర్లు, జాకెట్టు గుడ్డతో అయితే ఆరు దాటుతుంది. సాయానికి ఒక మనిషిని ఇవ్వొచ్చు, ఆ మనిషి నోరు మెదపకూడదు. చెంగులు రెండూ కలిపి సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి పొడవును తగ్గించాక అప్పుడు అడ్డంగా మడవాలి. మొదటే అడ్డంగా మడిచి పొడవు మీద పడితే మధ్యలో పొట్ట వస్తుంది, నూటికి తొంభై మంది చేసే తప్పు ఇదే. అంచు మీద అంచు కూర్చుందా, పైట చెంగు పైకి కనబడుతోందా అన్నవాటికి మార్కులు. మడిచింది ఎలా ఉన్నా చివర్లో ఆ చీర ఆవిడ ఒళ్లో పెట్టించండి. ఫొటో తీయాల్సిన క్షణం కేకు దగ్గర కాదు, ఇదే.

ఎవరు గెలిచారన్నది ముందే ఒక మార్కు తేడాకు సర్దుకోండి. న్యాయనిర్ణేతలకు ఆ మాట చెవిలో వేస్తే వాళ్లే చూసుకుంటారు.

ఒకవేళ పెద్దాయన ‘ఇవన్నీ నేను చెయ్యను, నలుగురిలో నవ్వులపాలు’ అంటే బలవంతం చేయకండి. ఆయన స్థానంలో కొడుకునో పెద్దల్లుణ్నో నిలబెట్టి, ఆయన్ను పక్కన కూర్చోబెట్టి తప్పులు పట్టమనండి. తప్పులు పట్టడానికి ఆయన ఒప్పుకోకపోవడం జరగదు. సగం చోట్ల రెండో పోటీకి ఆయనే చొక్కా చేతులు మడుచుకుని లేచి వస్తారు.

దొండకాయల దండ

గెలిచినవారికి వేసే దండ ఇది. కూరగాయల దండ అనగానే ఉల్లిపాయలు గుర్తొస్తాయి, కానీ నలభై ఉల్లిపాయలు కిలోన్నర దాటుతాయి, మెడ లాగేస్తుంది. పచ్చిమిరపకాయలు, ఎండుమిర్చి ఒంటికి తగిలితే మంట. నిమ్మకాయల దండ అమ్మవారికి వేసేది, దిష్టి తీసేదాన్ని గుర్తు చేస్తుంది, పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. గుమ్మడికాయదీ అదే సమస్య. దొండకాయలకు అలాంటి చరిత్ర ఏమీ లేదు.

ఒక దండకు గట్టి పచ్చి దొండకాయలు 60 కావాలి, ఇంచుమించు 600 గ్రాములు. ముగ్గినవి లోపల ఎర్రగా ఉండి సూది గుచ్చగానే రసం కారతాయి, పట్టుబట్టల మీద మరక పడుతుంది. కడిగి గుడ్డతో పూర్తిగా తుడవండి. దబ్బనంలోకి సన్నటి పురికొస రెండు పేటలు ఎక్కించి, కాయను నిలువునా కాకుండా నడిమికి అడ్డంగా గుచ్చాలి. నిలువునా గుచ్చితే కాయ తిరిగిపోయి తాడు కనబడుతుంది. రెండు చివర్లా అరచెయ్యి పొడవు తాడు వదలండి. ప్రతి పది కాయలకూ ఒక బంతిపువ్వు గుచ్చితే చూడ్డానికి బాగుంటుంది, కాయలు ఒకదానికొకటి ఒరుసుకోవు కూడా. పదేసి కాయలకు ఒక ముడి వేయకపోతే బరువంతా కిందికి జారి మెడ దగ్గర ఖాళీ తాడు మిగులుతుంది. తాడు గుచ్చుకోకుండా మెడ మీద పడే జానెడు మేర మెత్తటి గుడ్డ చుట్టండి. వేడుక రోజు మధ్యాహ్నం గుచ్చితే సాయంత్రానికి వాడవు. ముందు రాత్రే గుచ్చిపెడితే కన్నాల చుట్టూ నల్లబడతాయి.

రెండు దండలూ చెయ్యండి, ఓడినవారికీ ఒకటి. ఆ నవ్వు అయిపోయాక అసలు మల్లెపూల దండలు మార్పించాలి. ఈ వరస తిరగేస్తే పూలదండకు మర్యాద ఉండదు.

సన్మాన పత్రం

ఇద్దరికీ చెరో పత్రం, పన్నెండు వాక్యాలకు మించకుండా. పాతకాలం సన్మాన పత్రాల గంభీరమైన భాషలో చిన్న చిన్న ఇంటి సంగతులు రాస్తే నవ్వు దానంతట అదే వస్తుంది. ఆయనకు ఇలా:

‘వంటింటి గడపలో నిలబడి ఉప్పు డబ్బా ఏ అరలో ఉందని అడిగి, ప్రతిసారీ అదే సమాధానం విని, ప్రతిసారీ దానిని సమూలంగా విస్మరించిన మహానుభావులకు, ఫ్యాను బాగు చేయుటకు స్క్రూడ్రైవరు పట్టి, అటు పిమ్మట ఎలక్ట్రీషియను వచ్చువరకు మౌనం వహించిన స్థితప్రజ్ఞులకు...’

ఆవిడకు:

‘మొన్నటి కూరను ఇవాళ్టిదని నమ్మించగల వాక్చాతుర్యమునకు, ఇంటికి ఎంతమంది చుట్టములు వచ్చిననూ పప్పులో నీరు పోసి పరువు నిలిపిన రాజనీతికి, స్టీలు గిన్నె ఎవరింటికి పోయి ఎన్నేళ్లుగా తిరిగి రాలేదో నేటికీ తేదీతో సహా చెప్పగల ధారణాశక్తికి...’

నోటు పుస్తకంలో దొరికిన నిజమైన సంగతుల మీదే రాయండి. నలుగురికీ తెలిసిన జోకులు, ‘భార్యాబాధితుడు’ బాపతు మాటలు తెస్తే పెద్దావిడ ముఖం ముడుచుకుంటుంది, ఆమె పక్షాన నలుగురు వదినలు కూడా. పనిని వెక్కిరించొచ్చు, మనిషిని కాదు. లావు, రంగు, చెవుడు, మతిమరుపు జబ్బు, కట్నం, పుట్టింటి ఆస్తి, పిల్లల్లో ఎవరికెంత ఇచ్చారన్నవి రానివ్వొద్దు. రాశాక ఆయన పత్రం ఆవిడకూ ఆవిడది ఆయనకూ కాకుండా, ఎవరిది వారికే ముందు రోజు విడిగా చదివి వినిపించండి. ‘ఇది వద్దు’ అన్న వాక్యాన్ని ఎందుకని అడక్కుండా కొట్టేయాలి.

వంట, 60 మందికి

మొదటి షరతు: ఆ ఇద్దరూ, ఇంటి కోడళ్లూ పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు. వంటమనిషిని మాట్లాడుకుంటే ఉత్తమం. లేదంటే కొడుకులు, అల్లుళ్లు, మనవళ్లు చెయ్యాలి, అప్పుడు వంటకాలు తగ్గించుకోండి. ఆవ పులిహోర, బూరెలు, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, పెరుగు, అప్పడాలు చాలు. వేసవి మొదట్లో లేత పనస దొరికితే పనసపొట్టు కూర చేర్చండి. పొట్టు కొట్టించుకుని తెచ్చుకోండి, ఇంట్లో ఆ జిగురుతో పెనుగులాడొద్దు.

పులిహోరకు బియ్యం 3 కిలోలు, చింతపండు 400 గ్రాములు, నూనె అర లీటరు పైచిలుకు, పచ్చిమిర్చి 150 గ్రాములు, శనగపప్పు 150, మినప్పప్పు 100, పల్లీలు 300. పలాస జీడిపప్పు ఇంట్లో ఉంటే పల్లీలు సగం చేసి ఆ సగం అది వేసుకోండి. ఆవకు ఆవాలు 70 గ్రాములు. ఆవాలను ఇరవై నిమిషాలు చన్నీళ్లలో నానబెట్టి, ఉప్పు, రెండు ఎండుమిరపకాయలు వేసి ముద్దగా రుబ్బాలి. మిక్సీ జారు వేడెక్కితే ముద్ద చేదెక్కుతుంది, ఆగి ఆగి తిప్పండి. అన్నంలో పులుసు, పోపు కలిపి పూర్తిగా చల్లారాకే ఆవ కలపాలి. వేడి అన్నంలో కలిపితే ఘాటు ఎగిరిపోయి చేదు ఒక్కటే మిగులుతుంది. కలిపాక కనీసం రెండు గంటలు ఊరాలి.

బూరెలు మనిషికి రెండు చొప్పున, చితికిపోయేవి కలుపుకుని 140. పూర్ణానికి శనగపప్పు 2 కిలోలు, బెల్లం 2 కిలోలు, యాలకులు 20 గ్రాములు. తోపు పిండికి మినప్పప్పు 750 గ్రాములు, బియ్యం కిలోన్నర, నాలుగైదు గంటలు నానాలి. పూర్ణం 40 గ్రాముల ఉండలు చేసుకోవాలి. నూనెలో బూరె పగలడానికి కారణాలు మూడు: పూర్ణంలో తడి ఉండిపోవడం, ఉండ మీద బీటలు, తోపు పల్చబడటం. పూర్ణం చేతికి అంటుకుంటుంటే మళ్లీ పొయ్యెక్కించి దగ్గరకు రానివ్వండి. తోపు వేలికి పట్టి జారకుండా నిలవాలి. మొదట ఒక్కటే వేసి చూడండి. అది పగలకపోతేనే వాయి వెయ్యాలి.

మామూలు అన్నానికి 5 కిలోలు, ముద్దపప్పుకు కందిపప్పు 2 కిలోలు, పెరుగు 8 లీటర్లు సరిపోతాయి.

ఆ సాయంత్రం వరస

అయిదింటికి టీ, పలక. అయిదున్నరకు పోటీలు, ఆరు గంటల పదిహేను నిమిషాలకు దండలు, పత్రాలు. ఏడింటికి ఇద్దరినీ ముందు బంతిలో కూర్చోబెట్టి వడ్డించండి. చివరి బంతిలో కాదు. ఎనిమిదిన్నరకు మైకు కట్టేయండి. గుండెల మీద తప్పెట్లు వాయిస్తూ ఆడే తప్పెటగుళ్లు పెట్టించాలనుకుంటే వీధిలో, వచ్చినవాళ్లకు ఎదురుగా, మొదటి అరగంట చాలు. షామియానా కింద ఆ మోతకు గుండెజబ్బు వాళ్లు తట్టుకోలేరు.

ప్రసంగాలకు ఎవరికీ రెండు నిమిషాలకు మించి ఇవ్వొద్దు. ఎవరైనా మైకు వదలకపోతే దొండకాయల దండ తెచ్చి ఆయన మెడలో వేస్తామని ముందే ప్రకటిస్తే పని జరుగుతుంది.

బహుమతిగా పని

బొబ్బిలి వీణ బొమ్మో, బుడితి ఇత్తడి చెంబో, పొందూరు ఖద్దరు పంచో ఒక్కటి చాలు, అది అందరూ కలిసి ఇవ్వండి. విడివిడిగా తెచ్చే స్టీలు డబ్బాలు అటకెక్కుతాయి, ఆ అటక దులపాల్సింది మళ్లీ వాళ్లే. వాటి బదులు పిల్లలు, మనవలు పని చీటీలు రాసివ్వాలి.

‘ఎప్పుడు కావాలంటే అప్పుడు సాయం చేస్తాను’ అని రాసిన చీటీ చెల్లదు. పెద్దవాళ్లు నోరు తెరిచి అడగరు. చీటీ మీద పని, చేసేవారి పేరు, తేదీ ఈ మూడూ ఉండాలి: నీళ్ల ట్యాంకు కడగడం, సంక్రాంతికి ముందు ఆదివారం, పెద్దబ్బాయి. ఫ్యాను రెక్కలు తుడవడం, ప్రతి మూడో నెల మొదటి ఆదివారం, మనవడు (పాత దిండు గలీబు రెక్కకు తొడిగి లాగితే దుమ్ము అందులోనే పడుతుంది, మంచం మీద రాలదు). ఆవకాయ ముక్కలు కొట్టించి, తుడిచి, ఆరబెట్టడం, మే నెల, అల్లుడు. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, ఫలానా తేదీ, చిన్నమ్మాయి. పన్నెండు చీటీలు ఒక తాడుకు గుచ్చి క్యాలెండరు పక్కన వేలాడదీయండి. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నవాళ్లు ‘మనిషిని పంపి చేయిస్తాను’ అని రాయొచ్చు, కానీ ఆ మనిషికి ఫోన్ చేసి మాట్లాడే బాధ్యత కూడా వాళ్లదే.

జాబితా రాసిన నోటు పుస్తకాన్ని పారేయొద్దు. కనబడని పనుల పేజీని శుభ్రంగా తిరగరాసి, ఏ ఖాతా ఏ బ్యాంకులో ఉంది, నామినీ ఎవరు, గ్యాస్ పుస్తకం ఎక్కడుంది, ఏ మాత్ర ఎప్పుడు, పాలవాడి లెక్క ఎలా అన్నవి చేర్చి ఇద్దరికీ తెలిసిన చోట పెట్టండి. వీటిలో సగం ఒక్కరికే తెలిసిన ఇళ్లు ఎక్కువ. ఆ ఒక్కరు ఆసుపత్రిలో పడితే రెండోవారు పాల డబ్బులు కూడా ఇవ్వలేక తికమకపడతారు. పోటీల్లో మూడోదాన్ని పెట్టింది కొంత ఇందుకే.

మర్నాడు టెంటు హౌస్‌కు తిరిగి పంపేముందు కుర్చీలు, గరిటెలు, గంగాళాలు రసీదుతో సరిచూసుకోండి. గరిటె తగ్గితే అది తప్పకుండా అప్పడాల బుట్టలోనో, మిగిలిన దప్పళం పట్టుకెళ్లిన పక్కింట్లోనో ఉంటుంది. గిన్నెలు తోమడానికి మనిషిని వేడుక రాత్రికి కాదు, మర్నాడు పొద్దున్న ఏడింటికి మాట్లాడండి. రాత్రికి వాటిలో నీళ్లు పోసి పెరట్లో పెట్టి, పెరటి తలుపు తాళం చెవి కోడలి దగ్గరో కొడుకు దగ్గరో ఉంచండి. ఆవిడ చేతికిస్తే తెల్లారేసరికి సగం తోమేసి ఉంటాయి.